చేప పిల్ల నోటి కొలత

మిర్యాలగూడ చేపల మార్కెట్‌లో ఓ ఆదివారం పండుగప్పను కోయిస్తుంటే దాని కడుపులోంచి వేలెడంత చేప బయటపడింది. మింగి ఎంతోసేపు కానట్టుంది, పొలుసులు ఇంకా మెరుస్తూనే ఉన్నాయి. ఇదే పండుగప్ప గుడ్డులోంచి వచ్చిన రెండు మూడు రోజులకు, పచ్చసొన అయిపోవస్తూ నోరు తెరుచుకునే వేళకు, కంటికి ఆనని రోటిఫర్ల వంటి జీవులను తప్ప మరి దేన్నీ మింగలేదు. తర్వాత కోపిపాడ్లనే బుల్లి నీటి జీవులు, రొయ్య పిల్లలు, చివరికి చేపలు. తనకంటే చిన్నదైతే తోటి పండుగప్ప పిల్లనూ వదలదు కాబట్టే హేచరీల్లో వాటిని సైజుల వారీగా వేరు చేస్తుంటారు.

చేప పిల్ల ఏం తినాలన్నది రుచి కన్నా ముందు నోటి వెడల్పు నిర్ణయిస్తుంది. ఒక ఏడాది చేపలు విరివిగా పడి మరో ఏడాది తగ్గిపోవడానికి మూలం, పచ్చసొన అయిపోయిన ఆ కొద్ది రోజుల్లో పిల్లలకు తగిన మేత దొరకడంలో, దొరక్కపోవడంలో ఉండవచ్చని నార్వే శాస్త్రవేత్త యోహాన్ యోర్ట్ 1914లోనే ప్రతిపాదించారు. మల్లెట్ అనే చేప దారి పండుగప్పకు తలకిందులు. అది చిన్నప్పుడు జంతు ప్లవకాలు, అంటే నీళ్లలో తేలాడే చిన్న చిన్న జీవులు, తిని, రెండు మూడు సెంటీమీటర్లకు ఏటి మొగల్లోకి చేరాక బురదలోని నాచుకు మారుతుంది, పేగు కూడా అందుకు తగ్గట్టు పొడవు సాగుతుంది.

సముద్రపు సంగతి నల్లగొండకెందుకని అనుకోవడానికి వీల్లేదు. మన చెరువు చేపల్లో బొచ్చె పై నీళ్లలో, రవ్వ నడుమ, మృగాల చేప అడుగున మేస్తాయి గనుక మూడూ కలిపి వదిలితే ఒకదాని మేతకు మరొకటి అడ్డు రాదని ఏళ్లుగా చెప్పుకుంటున్నాం. పెరిగిన చేపల విషయంలో ఇది చాలావరకు నిజం, పిల్లల విషయంలో కాదు. మూడింటి పిల్లలూ మొదట జంతు ప్లవకాల మీదే బతుకుతాయి.

ప్రభుత్వం చేసే చేప పిల్లల ఉచిత పంపిణీలో ఏడాదంతా నీళ్లుండని చెరువులకు 35-40 మి.మీ., జలాశయాలకు 80-100 మి.మీ. పిల్లలు ఇవ్వాలన్నది నిబంధన. డిండి వంటి జలాశయంలో పెద్ద పిల్ల వేటచేపలకు అంత సులువుగా చిక్కదు కాబట్టి అది సబబే. కానీ నేను చూసిన కట్టల మీద లెక్కంతా ఎన్ని వేలు పోశారన్నదే, నీళ్లలో మేత ఉందా అని అడిగినవారు కనిపించలేదు. కొత్తనీరు చేరిన చెరువు ఎర్రమట్టి రంగులో ఉన్నంతకాలం వెలుతురు లోపలికి దిగదు, నీళ్లలో తేలే సూక్ష్మమైన మొక్కలు, అంటే వృక్ష ప్లవకాలు, పెరగవు, వాటిని తినే జంతు ప్లవకాలూ పుంజుకోవు. నీరు తేరి కాస్త పచ్చబడ్డాక గ్లాసులో ముంచి వెలుతురుకు పట్టి చూస్తే గుండుసూది మొనంత చుక్కలు కదులుతూ కనిపించాలి. పిల్లల బండి బయల్దేరకముందే ఈ పరీక్ష జరగాలి, ఎందుకంటే ఆక్సిజన్ నింపిన కవర్లలో అవి కట్ట మీదికి చేరాక ఆగడానికి వ్యవధి ఉండదు.