బట్టతల జబ్బు నెత్తి మీద ఉంటే మందు కడుపులోకి ఎందుకు?

తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి బయటికొచ్చే మగవాళ్ల గుండ్లను కాస్త పరిశీలనగా చూడండి. బట్టతల మొదలైనవాళ్లకు నుదుటి రెండు మూలలూ నడినెత్తీ పాలిపోయి మెరుస్తుంటాయి. చెవుల పైన, మెడ వెనక మాత్రం గుండు మీద కూడా నల్లటి నీడ చిక్కగా ఉంటుంది. రెండు చోట్లకూ వెళ్లే రక్తం ఒకటే, అందులోని హార్మోన్లూ ఒకటే. తేడా అంతా కుదుళ్లలో ఉంది. నడినెత్తి కుదుళ్లు డీహెచ్‌టీ అనే హార్మోన్‌కు లొంగి ఏటికేడు చిక్కిపోతాయి. వెనక కుదుళ్లు లొంగవు. జుట్టు మార్పిడి ఆపరేషన్ ఆధారపడింది కూడా దీని మీదే: వెనక కుదురును తెచ్చి ముందు నాటితే అది తన పాత స్వభావంతోనే బతుకుతుంది.

జబ్బు అరచేయంత చోటులో ఉన్నప్పుడు, ఒళ్లంతా తిరిగొచ్చే మాత్రను మొదటి మందుగా రాయడం సరికాదు. పూత మందులను సరైన జతలో, సరైన పద్ధతిలో వాడించడం మొదటి మెట్టు కావాలి. మాత్ర ఆ తర్వాతి మాట.

బట్టతలకు రాసే ఆ మాత్ర ఫినాస్టెరైడ్. దాని 1 మిల్లీగ్రాము మాత్రకు అమెరికాలో 1997లో అనుమతి వచ్చింది. రోజూ వేసుకుంటే రక్తంలో డీహెచ్‌టీ బాగా పడిపోతుంది, జుట్టు నిలబడుతుంది. అందులో వాదం లేదు. కొద్దిమందిలో కోరిక తగ్గడం, అంగస్తంభన ఇబ్బందులు వస్తాయని మాత్రతో పాటు ఇచ్చే కాగితమే చెబుతుంది. ఆత్మహత్య ఆలోచనలు కూడా ఈ మాత్రల దుష్ఫలితమేనని 2025 మేలో యూరప్ ఔషధ సంస్థ నిర్ధారించింది. నెత్తి మీద కొట్టుకునే ఫినాస్టెరైడ్ స్ప్రేకు అలాంటి సంబంధం చూపే ఆధారం దొరకలేదని అదే సమీక్షలో చెప్పింది.

ఆ స్ప్రే లెక్కలే నా వాదనకు బలం. 0.25 శాతం ఫినాస్టెరైడ్ స్ప్రేను, 1 మిల్లీగ్రాము మాత్రను, మందు లేని ఉత్త ద్రావణాన్ని 24 వారాల పాటు పోల్చి చూశారు. నిర్ణీత చోట లెక్కపెట్టిన వెంట్రుకలు స్ప్రేతో సగటున 20, మాత్రతో 21 పెరిగాయి. ఉత్త ద్రావణంతో ఏడుకు మించలేదు. రక్తంలో డీహెచ్‌టీ మాత్రతో 55 శాతానికి పైగా తగ్గితే, స్ప్రేతో తగ్గింది 34 శాతం చిల్లర. స్ప్రే వాడినవాళ్ల రక్తంలో కనిపించిన మందు మాత్రతో పోలిస్తే వంద రెట్లకు పైగా తక్కువ. జుట్టుకు జరిగిన మేలు దాదాపు సమానం, ఒంటి మీద పడిన భారం మాత్రం సమానం కాదు. ఇంతకంటే ఏం కావాలి?

మాత్ర పక్షం వాళ్లు చెప్పేవి రెండు. రోజుకొక గుటకతో పని అయిపోతుంది, పూత జిడ్డు, జనం నెలలో మానేస్తారు అనేది ఒకటి. పూత కూడా కొంత రక్తంలోకి దిగుతుంది అనేది రెండోది. రెండూ నిజాలే. ఎవరికి వారు కలిపి అమ్మే ఫినాస్టెరైడ్ పూతల మీద అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 ఏప్రిల్‌లో హెచ్చరిక కూడా జారీ చేసింది. అందుకే బలం ముద్రించి ఉన్న సీసా, కొలిచిన మోతాదు అంటున్నాను. ఇక జనం మానేయడానికి కారణం పూత కాదు, పూత ఎలా వాడాలో ఎవరూ చూపించకపోవడం.

చీటీ మీద ఉండేది ఒక్క ముక్క: రాత్రి 1 ఎంఎల్. దాని వెనక ఉన్న పని చాలా ఉంది.

జతలో ప్రధానమైనది మినాక్సిడిల్ అనే పూత మందు, 5 శాతం బలంతో. ఇది కుదురు పెరిగే దశను పొడిగిస్తుంది. డీహెచ్‌టీని ఆపదు. ఆ పని ఫినాస్టెరైడ్‌ది. మన దగ్గర రెండూ కలిసి 5 శాతం, 0.1 శాతం బలంతో ఒకే సీసాలో దొరుకుతాయి. రాత్రి ఆ సీసా, పొద్దున ఉత్త మినాక్సిడిల్, పూటకు 1 ఎంఎల్. నెత్తి పొడిగా ఉండాలి. జుట్టును దువ్వెన మొనతో ఐదారు పాయలు తీసి, కనిపించే చర్మం మీద చుక్కలుగా వేసి వేలి కొసతో అద్దాలి. రుద్దకూడదు. చాలామంది జుట్టు మీద పోసి దువ్వుకుంటారు, మందు వెంట్రుకలకే పట్టి ఎండిపోతుంది. మూడు నెలల తర్వాత మందు పనిచేయలేదంటారు.

ఇక మన నూనె అలవాటు. కొబ్బరినూనె పెట్టిన తల మీద ఈ ద్రావణం చర్మం దాకా సరిగ్గా దిగదు. నూనె పెట్టుకోవాలనుకుంటే శనివారం తలంటుకు ఓ గంట ముందు పెట్టుకుని పూర్తిగా కడిగేయండి. ఆ రోజే కీటోకొనజోల్ 2 శాతం షాంపూ వాడొచ్చు, వారంలో ఇంకో రోజు కూడా. నురగను నెత్తి మీద మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచాలి. వెంటనే కడిగేస్తే అది మామూలు షాంపూతో సమానం. అది చుండ్రును, చర్మం వాపును తగ్గిస్తుంది. చుండ్రు పొక్కుల మీద వేసిన పూత మండుతుంది కాబట్టి ఈ షాంపూ జతలో ఉండాల్సిందే.

పూత పెట్టాక నాలుగు గంటలు తల తడపకూడదు. పొద్దున పూత పెట్టి వెంటనే హెల్మెట్ పెట్టుకుంటే సగం మందు లోపలి స్పాంజికి అంటుతుంది. అరగంటైనా ఆరనివ్వాలి. రాత్రిదైతే పడుకోవడానికి రెండు గంటల ముందే పెట్టాలి, లేదంటే దిండుకు అంటి ముఖానికి చేరుతుంది. బుగ్గల మీద అనవసర వెంట్రుకలు మొలవడానికి ఒక కారణం ఇదే. ఫినాస్టెరైడ్ ఉన్న సీసాను, పూత తడిని గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు తాకకూడదు. కడుపులో ఉన్నది మగబిడ్డైతే జననాంగాల ఎదుగుదలకు ముప్పు. పెట్టిన చేతులు సబ్బుతో కడగాలి. ఇంట్లో పిల్లి ఉంటే ఇంకా జాగ్రత్త, మినాక్సిడిల్ దానికి ప్రాణాంతకం.

దురద, మంట వస్తే చాలావరకు దోషం మందుది కాదు, మందును కరిగించడానికి అందులో కలిపే ప్రొపిలిన్ గ్లైకాల్‌ది. అది లేని నురగ రకానికి మారితే సరిపోతుంది. రెండో వారం నుంచి ఎనిమిదో వారం మధ్య జుట్టు ఇంకా ఎక్కువ రాలుతుంది. పాత వెంట్రుకలను కొత్తవి తోసేయడం అది. భయపడి మానేసేది సరిగ్గా ఇక్కడే. నాలుగు నెలలకు ముందు తీర్పు చెప్పకండి. నెలకొకసారి అదే దీపం కింద, అదే కోణంలో ఫొటో తీసి ఆరో నెలలో పోల్చండి. మానేస్తే మూడు నుంచి ఆరు నెలల్లో వచ్చిందంతా పోతుంది.

కొందరికి మినాక్సిడిల్ అసలు పట్టదు. చర్మంలోని సల్ఫోట్రాన్స్‌ఫరేజ్ ఎంజైమ్ దాన్ని మార్చితేనే అది పనిచేస్తుంది, వాళ్లలో ఆ ఎంజైమ్ తక్కువ. అలాంటివాళ్లకు డాక్టర్లు ట్రెటినాయిన్ అనే మరో పూత మందు జతచేస్తారు. సూదుల రోలర్ మరో దారి. 2013లో ముంబై డాక్టర్ల ప్రయోగంలో 12 వారాలకు మినాక్సిడిల్ ఒక్కటే వాడినవాళ్లకు సగటున 22 వెంట్రుకలు పెరిగితే, వారానికోసారి 1.5 మిల్లీమీటర్ల రోలర్ కూడా జతచేసినవాళ్లకు 91 పెరిగాయి. ఆ లోతు క్లినిక్‌లోనే చేయించుకోవాలి. రోలర్ తిప్పిన తర్వాత 24 గంటలు పూత పెట్టకూడదు, గుచ్చిన రంధ్రాల్లోంచి మందు నేరుగా రక్తంలోకి పోతుంది. ఇవన్నీ ఒకే రోజు మొదలుపెట్టొద్దు. ఒక్కొక్కటీ నెల ఎడంతో కలపండి, ఏది పడలేదో తెలుస్తుంది.

డెంగీ జ్వరం వచ్చి రెండు మూడు నెలలకు గుత్తులుగా రాలడం, పేనుకొరుకుడు, థైరాయిడ్, రక్తహీనత వేరే సంగతులు. వాటికి ఈ జత పనికిరాదు. బోరు నీళ్లను తిట్టుకునేవాళ్లకూ ఒక మాట: ఉప్పునీళ్లు వెంట్రుకను గరుకు చేస్తాయి గానీ నుదుటి మూలలను ఖాళీ చేయవు.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది మన మాత్రల మోజు. ఉబ్బసానికీ ఇదే కథ. సాల్బుటమాల్ ఇన్‌హేలర్ ఒక్క పీల్పులో 100 మైక్రోగ్రాములు నేరుగా ఊపిరితిత్తులకు పంపుతుంది. అదే మందు మాత్రలో 4 మిల్లీగ్రాములు, అంటే 40 రెట్లు. గుండె దడదడలాడేది, చేతులు వణికేది అందుకే. అయినా ఇన్‌హేలర్ అంటే అలవాటైపోతుందని భయపడి మాత్ర మింగుతారు. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ జెల్ రాస్తే మాత్రతో పోలిస్తే ఒంట్లోకి వెళ్లేది సుమారు 6 శాతం. అయినా మన పెద్దవాళ్లు పరగడుపున మాత్ర వేసుకుని కడుపులో పుండుతో ఆస్పత్రికి వస్తారు. జబ్బు ఉన్న చోటికే మందు చేర్చే దారి ఉన్నా, దాన్ని వాడే విధానం చూపించడానికి ఐదు నిమిషాలు దొరకడం లేదు. ఆ ఐదు నిమిషాలు మందు చీటీలో భాగం కావాలి. మందుల షాపు ఫార్మసిస్టు సీసా మూత తీసి, డ్రాపర్‌లో 1 ఎంఎల్ గీత ఎక్కడుందో చూపించాలి.

కొండ మీద గుండు చేయించుకున్నవాళ్లకు దీన్ని మొదలుపెట్టే మంచి సమయం అదే. గుండు వల్ల జుట్టు ఒత్తుగా రాదు, కత్తిరించిన కొన మొద్దుగా ఉండి అలా అనిపిస్తుందంతే. కానీ పాయలు తీసే పని లేకుండా ప్రతి చుక్కా చర్మానికే చేరుతుంది. కత్తి గాట్లు మానేదాకా నాలుగైదు రోజులు ఆగండి. ఎండకు కమిలిన నెత్తి మీద మందు మామూలుకంటే ఎక్కువగా లోపలికి దిగుతుంది కాబట్టి, మే నెలలో అయితే టోపీ లేకుండా దిగిరావద్దు.