బల్ల మీద కళ్లద్దాలు

‘సేవకుడు’ అన్న మాటకు మన క్రైస్తవ సంఘాల్లో వింత గతి పట్టింది. ఇంట్లో అందరూ తిన్నాక తినేవాణ్ణి పిలిచే మాట, ఇప్పుడు బిరుదైంది. దైవసేవకులు వచ్చారంటే లేచి నిలబడతాం, ముందు వరుసలో కుర్చీ వేస్తాం, ఎదురు మాట్లాడం. మార్కు 10వ అధ్యాయంలో కుడి ఎడమల కూర్చోనిమ్మని యాకోబు, యోహాను అడిగినప్పుడే కదా, ప్రముఖుడు కాగోరేవాడు అందరికీ దాసుడు కావాలని యేసు అన్నది! కుర్చీ అడిగినవాళ్లకు ఆయనిచ్చిన జవాబునే మనం కుర్చీకి పేరుగా పెట్టుకున్నాం.

సేవక నాయకత్వం మీద ప్రసంగమంటే, యేసు శిష్యుల కాళ్లు కడిగిన యోహాను 13వ అధ్యాయం తెరుస్తారు. పళ్లెం, నీళ్లు, తువ్వాలు. మంచిదే. కానీ వేదిక మీద నలుగురి కాళ్లు కడగడం పావుగంట పని. (అన్నట్టు, ‘సేవక నాయకత్వం’ అన్న పదబంధం ఇంతగా వాడుకలోకి రావడానికి కారణం ఏ బోధకుడో కాదు. ఏటీ అండ్ టీ టెలిఫోన్ కంపెనీలో దశాబ్దాలు పనిచేసిన రాబర్ట్ గ్రీన్‌లీఫ్ 1970లో రాసిన వ్యాసం.) నేను చూసేది వేరు. కానుకల డబ్బు ఏమైందని అడిగితే ఆ సేవకుడి ముఖం ఎలా మారుతుంది? లెక్క అడిగితే చెప్పాల్సినవాడే కదా సేవకుడంటే.

ఈ విషయంలో పౌలు చాలా జాగ్రత్తపరుడు. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం చందా పోగుచేస్తూ కొరింథువారికి ఏం రాశాడు? మీరు ఎవరిని యోగ్యులని ఎంచుతారో వాళ్ల చేతే పంపిస్తాను, నేనూ వెళ్లడం మంచిదైతే వాళ్లు నాతో కూడా వస్తారు అని. మనుషుల్ని ఎంచేది సంఘం. అపొస్తలుడైనా ఆ సొమ్ముతో ఒంటరిగా ప్రయాణం చేయడు. రెండో పత్రిక 8వ అధ్యాయంలో తీతుతో పాటు మరో ఇద్దరు సహోదరులను పంపుతూ కారణం కూడా చెప్పాడు: ఇంత పెద్ద మొత్తం విషయంలో ఎవరూ మా మీద తప్పు మోపకూడదు, ప్రభువు దృష్టిలోనే కాదు, మనుషుల దృష్టిలో కూడా సరిగ్గా ఉండాలి. ‘దేవుడికి తెలుసు’ అని చేతులు దులుపుకునే హక్కు ఎవరికైనా ఉందంటే అది పౌలుకే ఉండాలి. ఆయనే ఆ హక్కు వాడుకోలేదు.

1948లో కాలిఫోర్నియాలోని మొడెస్టోలో అమెరికా సువార్తికుడు బిల్లీ గ్రాహం, ఆయన సహచరులు కూర్చుని సువార్తికులకు చెడ్డపేరు ఎక్కడ వస్తోందో ఆలోచించారు. డబ్బు, స్త్రీల విషయంలో నడవడి, వచ్చిన జనాన్ని పెంచి చెప్పుకోవడం, స్థానిక సంఘాలను చులకన చేయడం అని తేలింది. నాలుగింటికీ కట్టుబాట్లు పెట్టుకున్నారు. అయినా 1950లో అట్లాంటా సభలు ముగిశాక, కానుకల సంచులు పట్టుకున్న కార్యకర్తల ఫొటో, నవ్వుతూ సెలవు తీసుకుంటున్న గ్రాహం ఫొటో పత్రికలో పక్కపక్కనే పడ్డాయి. ఆ తర్వాత ఆయన ప్రేమ కానుకలు (సభల్లో జనం బోధకుడికని ఇచ్చే డబ్బు) మానేసి, సంస్థ ఇచ్చే స్థిరమైన జీతానికి మారారు. దొంగతనమేమీ చేయలేదు. చూసేవాళ్ల కళ్లను లెక్కలోకి తీసుకున్నారు, అంతే.

ఈ సంగతి ఎత్తితే చాలు, ‘అభిషిక్తులను (దేవుడు ఏర్పరచుకున్నవాళ్లను) ముట్టకూడదు’ అంటూ 105వ కీర్తన మీద పడేస్తారు. తీరిగ్గా చదవండి. దిక్కూమొక్కూ లేక దేశాలు తిరుగుతున్న అబ్రాహాము వంటి పితరులకు రాజులు హాని చేయకూడదని అన్న మాట అది. బలహీనుల కోసం చెప్పిన మాటను బలవంతుడి చిట్టాపుస్తకానికి తాళంగా వాడుకుంటున్నాం. తనను తరుముతున్న అభిషిక్తుడైన సౌలు రాజును చంపనన్న దావీదు కూడా గుహలోంచి బయటికొచ్చి, అతని అన్యాయాన్ని అందరూ వినేలా కేకేసి చెప్పాడు. ఇక ప్రవక్త సమూయేలైతే ఎవరూ అడగకముందే, నేనెవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరి గాడిదనైనా పట్టుకున్నానా అని జనాన్నే అడిగాడు. (ఆయన కొడుకులు మాత్రం లంచాలు తిన్నారు. వారసత్వం గొడవ మరో వ్యాసానికి సరిపడా ఉంది.)

కానుకలు లెక్కపెట్టే బల్ల దగ్గర నేనూ కొన్నేళ్లు కూర్చున్నాను. బంధుత్వం లేని ఇద్దరుండాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి, పెట్టె తెరిచాక పాస్టరు గదిలోకి రాకూడదు. ఈ నియమాలు పెట్టింది మా పాస్టరుగారే. మూడోది ఎందుకో నాకు అతిగా అనిపించేది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నోట్లు దొంతర్లుగా పేరుస్తుంటే తలుపు చప్పుడైంది. ఆయన గుమ్మం అవతలే నిలబడి, “బాబూ, ఆ బల్ల మీద నా కళ్లద్దాలు మర్చిపోయినట్టున్నాను, కాస్త అందిస్తావా?” అన్నారు. బల్ల ఆయనకు నాలుగడుగుల దూరంలోనే ఉంది.