జూలైలో కలుద్దాం, ఫ్యాక్టరీ గేటు దగ్గర

విదేశాల్లో ఉన్న మన సంఘం తిరుపతిలో ఏర్పాటు చేసే వ్యాపార సమావేశం ఏటా డిసెంబరు చివరి వారంలోనే జరుగుతోంది. మనకు సెలవులు అప్పుడే దొరుకుతాయి, పిల్లలకు శ్రీవారి దర్శనం అవుతుంది, ఊళ్లో పెద్దవాళ్లను చూసినట్టూ ఉంటుంది కాబట్టి ఆ తేదీని ఎవరూ ప్రశ్నించరు. నేను ప్రశ్నించదలచుకున్నాను. చిత్తూరు, తిరుపతి జిల్లాలకు పేరు తెచ్చిన వ్యాపారాల్లో ముందు చెప్పుకోవలసినది మామిడి గుజ్జు. మా ఊళ్లలో బెంగళూరా అని పిలుచుకునే తోతాపురి కాయ ఫ్యాక్టరీలకు వచ్చేది జూన్, జూలై నెలల్లో, మహా అయితే ఆగస్టు దాకా. డిసెంబరులో వెళ్లినవాడికి కనిపించేది కడిగి ఆరబెట్టిన యంత్రాలు, గోదాములో పేర్చిన డ్రమ్ములు మాత్రమే. మనం వ్యాపారం చేయాలనుకుంటున్న మనుషులను, వాళ్ల చేతిలో పని లేని రోజుల్లో, వాళ్లది కాని హోటలు హాలులో కలుస్తున్నాం.

కొన్నేళ్ల క్రితం అటువంటి సాయంత్రానికి నేనూ వెళ్లాను. జ్యోతి ప్రజ్వలన అయింది, శాలువాలు కప్పారు, ఒక్కొక్కరూ రెండు నిమిషాలు మాట్లాడారు, భోజనాల దగ్గర అందరం ఫోటోలు దిగాం. తిరిగి వచ్చేటప్పుడు నా సంచిలో నలభై దాకా విజిటింగ్ కార్డులు ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని నమ్మి, ఇక్కడ కిరాణా సరుకుల టోకు వ్యాపారం చేసే నా మిత్రుడికి మామిడి గుజ్జు ఇప్పించాను. పంపిన నమూనా డబ్బా బంగారు రంగులో, తియ్యగా ఉంది. కంటెయినరులో దిగిన డ్రమ్ముల్లో రంగు పాలిపోయి, పులుపు ఎక్కువైంది. ఫోను చేస్తే అవతలి పెద్దమనిషి మర్యాదగానే మాట్లాడారు, కానీ దారి చూపలేదు. ఆయన మోసం చేశారని నేను అనను. ఆయనకు నేనెవరో తెలియదు, నాకు ఆయన పని తెలియదు, ఇద్దరికీ కావలసిన మనిషి మధ్యలో ఒక్కరూ లేరు. నా మాట మీద డబ్బు పెట్టిన మిత్రుడు ఆ సరుకును నష్టానికి వదిలించుకున్నాడు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

మరుసటి జూలైలో మా చిన్నాన్న కొడుకు నన్ను బంగారుపాళెం వైపు ఒక గుజ్జు ఫ్యాక్టరీకి తీసుకువెళ్లాడు. గేటు బయట రోడ్డు పొడవునా కాయల ట్రాక్టర్లు వరుస కట్టి ఉన్నాయి, వాటి కింద నీడలో డ్రైవర్లు టవలు పరచుకుని నిద్రపోతున్నారు. లోపల బెల్టుకు రెండు పక్కలా నిలబడిన ఆడవాళ్లు దెబ్బ తగిలిన కాయను చూపు తిప్పకుండానే ఏరి పక్కన పడేస్తున్నారు. నాణ్యత చూసే యువకుడు గుజ్జు చుక్క ఒకటి, తీపి ఎంతుందో కొలిచే బ్రిక్స్ మీటరు గాజు మీద వేసి, మూత మూసి, వెలుతురుకు ఎత్తి నా చేతికిచ్చాడు. గీత 14 దగ్గర నిలిచింది. సీజను మొదట్లో రైతు ఆగలేక కోసిన కాయ ఎలా ఉంటుందో, చెట్టు మీద ముదిరి, మాగబెట్టిన కాయ ఎలా ఉంటుందో రెండింటినీ కోసి పక్కపక్కన పెట్టి చూపించాడు. ‘ఏ వారం కాయో అడగకుండా గుజ్జు కొంటే ఎట్లన్నా? సీజన్లో ఒకసారి వచ్చి చూసిపోతే నీకే తెలుస్తుంది’ అన్నాడు. నా మిత్రుడికి వచ్చిన నమూనా ఒక వారానిది, సరుకు మరో వారానిది అయి ఉంటుందని అప్పుడు తట్టింది. ఈ మాట ముందే తెలిసి ఉంటే ఒప్పందంలో ఒక్క వాక్యం అదనంగా రాసుకునేవాళ్లం. హోటలు హాలులో ఆ మాట చెప్పేవారు లేక కాదు, అడగాలన్న ఆలోచనే నాకు అక్కడ రాలేదు.

చూసివచ్చినవాడికి ధర సంగతి కూడా వేరుగా అర్థమవుతుంది. 2025 సీజనులో తోతాపురి ధర పడిపోయి, రైతుకు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేట్టు నిర్ణయించవలసి వచ్చింది. ముందు ఏడాది గుజ్జు గోదాముల్లో మిగిలిపోవడం అందుకు ఒక కారణం. విదేశాల్లో ఉన్న మనం ఒక్కొక్కటి 200 కిలోలు దాటే డ్రమ్ములను బేరమాడుతున్నప్పుడు, ఆ మిగులు గురించి, కాయ కొనే ర్యాంపుల దగ్గర రెండు రోజులు నిలిచిన బండిలో కాయ మెత్తబడటం గురించి తెలిసి బేరమాడటం వేరు, ఇంటర్నెట్టులో దొరికిన అతి తక్కువ రేటు చెప్పి బేరమాడటం వేరు. మొదటి రకం కొనుగోలుదారుడికి ఫ్యాక్టరీ యజమాని మరుసటి ఏడు తనంతట తాను ఫోను చేస్తాడు.

శ్రీకాళహస్తి కలంకారీ విషయమూ ఇంతే. 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ అద్దకాన్ని మన మహిళలు ఇక్కడి వేడుకల్లో ఇష్టంగా కొంటారు, కానీ యంత్రం మీద ముద్రించిన బట్టకూ దానికీ ధరలో అంత తేడా ఎందుకని అడగనివారు అరుదు. పాలూ కరక్కాయ రసమూ పట్టించి ఆరబెట్టిన బట్ట మీద, ఇనుప ముక్కలూ బెల్లమూ నానబెట్టి తీసిన నల్లరంగును వెదురు కలానికి చుట్టిన గుడ్డతో పీల్చి, వేళ్లతో నొక్కుతూ గీత గీసే కళాకారుడి పక్కన ఒక మధ్యాహ్నం కూర్చున్నవారు ఆ ప్రశ్న మళ్లీ అడగరు.

సమావేశాల్లో మన అలవాటు ఒకటి మార్చుకోవాలి. అదే ఊరివాళ్లు, అదే కాలేజీవాళ్లు ఒక బల్ల చుట్టూ చేరతారు, వచ్చినవారితోనే తిరిగి వెళ్తారు. అమెరికా సామాజికవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో, తెలిసినవారి ద్వారా కొత్త ఉద్యోగం సంపాదించిన వారిని పరిశీలించినప్పుడు, వారిలో సగానికి పైగా ఆ వార్తను అప్పుడప్పుడు మాత్రమే కలిసే మనిషి నుంచి తెలుసుకున్నారని తేలింది. దగ్గరివాళ్లకు తెలిసింది మనకూ ముందే తెలుసు, దూరపు పరిచయమే కొత్త కబురు తెస్తుంది. కాబట్టి కార్యకర్తలు వేదిక అలంకరణకు పెట్టే శ్రద్ధను, ఎవరిని ఎవరితో కలపాలో ముందే రాసుకుని, చేయి పట్టుకుని తీసుకువెళ్లి పరిచయం చేయడానికి పెడితే బాగుంటుంది. సంతలో పశువుల బేరం టవలు కింద వేళ్లతో జరిగేటప్పుడు కూడా ఇరుపక్షాలకూ తెలిసిన మనిషి మధ్యన ఉంటాడు.

ఇదంతా వీడియో కాల్లో కుదరదా అని అడిగేవారున్నారు. పరిచయం నిలబెట్టుకోవడానికి అది చాలా మంచి సాధనం, నేనూ వారానికొకసారి మాట్లాడుతూనే ఉంటాను. పరిచయం మొదలవడానికి మాత్రం మనిషి వెళ్లాలి. అమెరికాలో ఇంజినీరుగా పనిచేసి తిరిగి వచ్చిన గల్లా రామచంద్రనాయుడు 1985లో అమరరాజాను స్థాపించి, కరకంబాడిలో పరిశ్రమ నిలబెట్టారు. మనలో అందరం అలా తిరిగి రాలేం, పిల్లల చదువులున్నాయి, ఉద్యోగాలున్నాయి. అక్కడ ఉండలేనివాళ్లం కనుకనే, వెళ్లిన మూడు రోజులూ మరింత జాగ్రత్తగా వాడుకోవాలి.

వచ్చే సమావేశాన్ని జూలైకి మార్చమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఇక్కడ పిల్లలకు అప్పుడూ సెలవులే. ముప్పై మందికి మించవద్దు. మొదటి రోజు తెల్లవారుజామున దామలచెరువు మామిడి మార్కెట్టు, అక్కడి నుంచి ఒక గుజ్జు ఫ్యాక్టరీ. రెండో రోజు శ్రీకాళహస్తి. శ్రీసిటీ పారిశ్రామికవాడలో పెద్ద కంపెనీలకు విడిభాగాలు చేసిచ్చే చిన్న పరిశ్రమలు చూడదలచినవారు అటు వెళ్లవచ్చు. మూడో రోజు సాయంత్రం తిరుపతిలో ఒక మామూలు గదిలో, వేదిక లేకుండా, చాపల మీద కూర్చుని రాగి సంగటి, ఊరుబిండి పచ్చడి తింటూ మాట్లాడుకుందాం. లేచే ముందు ప్రతి ఒక్కరూ చేయబోయే పని ఒకటి, దానికి గడువు ఒకటి కాగితం మీద రాసివ్వాలి. మరుసటి జూలైలో అదే ముప్పై మంది ముందు ఆ కాగితాలు చదవాలి. నాది ఇప్పుడే రాసిపెట్టుకున్నాను: నా మిత్రుణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి, మాకు కావలసిన వారం కాయ ఆడుతున్నప్పుడు, మా డ్రమ్ములకు సీలు పడేదాకా పక్కన నిలబడటం.