డిస్ట్రాయర్ కొన్నవాడికి శిక్ష లేదా?

దూరం విసరలేని మనిషికి డిస్క్ గోల్ఫ్ ఆటలో వాడే డిస్ట్రాయర్ అనే స్పీడ్ 12 డిస్క్ అమ్మినవాడికి ఏ శిక్ష వెయ్యాలో మన ధర్మశాస్త్రాల్లో ఎక్కడా లేదు. కొన్నవాడికీ లేదు. అందుకే డాలస్ శివార్లలో ప్రతి శనివారం ఉదయం, పబ్లిక్ పార్కులో, చిన్నపిల్లల కళ్లెదుటే ఈ నేరం జరిగిపోతోంది. పోలీసు కారు పక్కనుంచే వెళ్తుంది. ఆగదు.

డిస్క్ గోల్ఫ్ అంటే ఏమిటో తెలియని పుణ్యాత్ములకు రెండు ముక్కలు. ఫ్రిస్బీ కన్నా చిన్నగా, గట్టిగా ఉండే డిస్కును విసరాలి. గొలుసులు వేలాడే ఇనప బుట్టలో అది పడాలి. తక్కువ విసుర్లతో పద్దెనిమిది బుట్టలూ పూర్తిచేసినవాడు గొప్పవాడు. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో ఎడ్ హెడ్రిక్ అనే ఆయన మొదటి శాశ్వత కోర్సు వేశాడు. ఆ గొలుసుల బుట్టా ఆయన కనిపెట్టిందే. ఇప్పటికీ చాలా పార్కుల్లో టికెట్టు లేదు, క్లబ్బు సభ్యత్వం లేదు, కాలరున్న చొక్కా వేసుకు రమ్మనేవాడు లేడు. ఒక్క డిస్కుంటే చాలు.

ఒక్క డిస్కుంటే చాలన్న మాట మా బావమరిది ముందు అనకండి. గుండె పట్టుకుంటాడు.

అసలు కొంప ముంచింది 1983. ఆ ఏడు ఇన్నోవా కంపెనీ డిస్కు అంచును ఏటవాలుగా చెక్కి, గాలిని చీల్చుకుపోయేలా ఈగిల్ అనే దాన్ని తెచ్చింది. అప్పటినుంచి అంచులు పదునెక్కాయి, రకాలు పెరిగాయి, దేని మీద చూసినా నాలుగు అంకెలు వెలిశాయి: స్పీడ్, గ్లైడ్ (గాలిలో తేలే గుణం), టర్న్, ఫేడ్. డిస్ట్రాయర్‌కి 12, 5, -1, 3. మావాడు వీటిని జాతకం చదివినట్టు చదువుతాడు. టర్న్ మైనస్‌లో ఉందంటే మొదట్లో కుడికి వంగుతుందట, ఫేడ్ మూడంటే చివర్లో ఎడమకి గట్టిగా దిగుతుందట. అన్నీ నిజమే. కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ విసిరేవాడికి అలాగే జరుగుతుంది. కాకపోతే మొదటి అంకె దగ్గరే మనవాళ్ల చదువు ఆగిపోయింది. స్పీడ్ 12 అంటే డిస్కు తనంతట తాను అంత జోరుగా వెళ్తుందని కాదు నాయనా, నువ్వు అంత జోరుగా విసిరితేనే అది చెప్పినమాట వింటుందని. విసరలేకపోతే కుడికి వంగడం ఉండదు, దూరం ఉండదు. ఎడమకి తిరిగి నేల మీద కూర్చుంటుంది.

ఇక మొదటి హోల్ దగ్గర జరిగే తంతు చూడాలి. బుట్ట రెండు వందల నలభై అడుగుల దూరంలో, ఎదురుగా, కళ్లకు కనిపిస్తూనే ఉంది. మావాడు మూడు వందల డాలర్లు దాటిన చక్రాల బండిని లాక్కొచ్చి బ్రేకు వేస్తాడు. దాని మీదే సీటు. కూర్చుంటాడు. రెండు గడ్డిపరకలు తుంచి గాలిలోకి వదులుతాడు. గాలి లేదు, గడ్డి బూటు మీదే పడుతుంది. "ఎదురుగాలి బావా" అంటాడు. డిస్ట్రాయర్లు ఒక్కొక్కటే బయటికొస్తాయి. ఒకటి కొత్తది. ఒకటి కాస్త అరిగింది. ఒకటి బాగా అరిగింది. ఒకటి వేరే ప్లాస్టిక్. ఒకటి ఎవరో చాంపియన్ సంతకం ఉన్నది. చెట్లకు తగిలి అరిగేకొద్దీ డిస్కు గుణం మారుతుంది కాబట్టి ప్రతి దశలోనూ ఒకటి ఉండాలన్నది సిద్ధాంతం. రోజూ ఆడే ప్రొఫెషనల్స్‌కి అది నిజం కూడా. మావాడి డిస్కులకు అరిగే వయసు రానే రాదు, అంతకు ముందే చెరువులో పడతాయి. ఆ అరిగినవి కూడా ఎవరో అరగదీసినవి కొనుక్కొచ్చాడు!

చివరికి కొత్తదాన్ని ఎంచుకుంటాడు. తువ్వాలుతో తుడుస్తాడు. వేలితో అంచు నిమురుతాడు. వెనక నలుగురు ఆటగాళ్లు నిలబడ్డారు, వాళ్లలో ఒకాయన ఫోను తీసి ఆఫీసు మెయిల్ చూసుకోవడం మొదలుపెట్టాడు. మావాడు నాలుగడుగులు వెనక్కి వేసి, ఊపిరి బిగబట్టి, కాలు మెలిపెట్టి, ఒక్క ఉరుకు ఉరికి విసురుతాడు. ఎడమ పక్క మూడో చెట్టు. టక్కుమని చప్పుడు. రమారమి నూట పది అడుగులు.

"డిస్కు ఇంకా చేతికి అలవాటవలేదు బావా. హాలో అనే రకం ప్లాస్టిక్‌లో ఇదే మోడల్ వచ్చింది, అది తెప్పించాలి."

2016లో డేవిడ్ విగ్గిన్స్ అనే యువకుడు నెవాడా ఎడారిలో 338 మీటర్లు విసిరాడు, తెలుసా అని మా బావమరిది నాకు అప్పుడప్పుడూ గుర్తుచేస్తుంటాడు. తెలుసు. ఆ కుర్రాడి భుజం ఏ దుకాణంలో అమ్ముతున్నారో చెబితే నేనే కొనిపెడతాను.

మరి ఏది కొనాలి? దీనికి జవాబు విసుగు పుట్టించేంత సులువు. లెపర్డ్ ఒకటి, స్పీడ్ 6. బజ్ ఒకటి, స్పీడ్ 5. బుట్ట దగ్గరికి ఏవియార్ లాంటి పట్టర్ ఒకటి. మామూలు ప్లాస్టిక్‌లో తీసుకుంటే ఒక్కోటి పది డాలర్ల చుట్టుపక్కల. ఈ మూడూ బాగా అమ్ముడుపోయేవే. మంచి ఆటగాళ్ల సంచుల్లోనూ వీటిలో ఏదో ఒకటి కనిపిస్తుంది. కానీ వీటిని కొని ఇంటికి తెస్తే అన్‌బాక్సింగ్ వీడియోలో చెప్పడానికేముంటుంది? అదే ఫస్ట్ రన్ (మొదటి విడత) అనండి, టూర్ సిరీస్ (చాంపియన్ల పేరు మీద వచ్చేది) అనండి, ఒక్కో డిస్కు మీద ఒక్కో రంగు పడుతుందనండి, పొద్దున్న ఆఫీసు మీటింగులో కెమెరా ఆపేసి మరీ కొంటారు. 2021లో పాల్ మెక్‌బెత్‌కి డిస్క్రాఫ్ట్ కంపెనీ పదేళ్లకు కోటి డాలర్ల ఒప్పందం ఇచ్చింది. ఆయన ఆరుసార్లు ప్రపంచ చాంపియన్, ఆయనకు చెల్లు. ఆ కోటి డాలర్లు ఎవరి జేబులోంచి వస్తున్నాయో మావాడి చక్రాల బండిలో చూసుకోవచ్చు.

ఇక్కడిదాకా నవ్వుకుందాం, తప్పులేదు. ఎవడి డబ్బు వాడిష్టం. కానీ మొన్న ఒక పిల్లాడు వచ్చాడు. పన్నెండేళ్లుంటాయేమో. సైకిలు చెట్టుకానించి, ఒకే ఒక్క లెపర్డ్ చేత్తో పట్టుకుని, సొట్టలు పడి రంగు వెలిసిపోయినదాన్ని, దాంతోనే విసురుతున్నాడు, దాంతోనే బుట్టలో వేస్తున్నాడు. చక్కగా ఆడుతున్నాడు కూడా. మా బృందంలో ఒక పెద్దమనిషి, ముప్పై డిస్కుల సంచి మోస్తున్న పెద్దమనిషి, వాణ్ని ఆపి, "పట్టర్ కూడా లేదా? ఈ చవక ప్లాస్టిక్‌తో ఎలా ఆడతావు?" అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు. పిల్లాడు డిస్కును చొక్కాకి ఆనించుకుని పక్కకు తప్పుకున్నాడు.

సిగ్గులేదూ? ఊరికే ఆడుకోమని ఊరు వేసిన కోర్సులో, జేబులో పైసా లేని పిల్లాడు కూడా మనతో సమానంగా నిలబడగలిగిన ఒక్క ఆటలో, నువ్వు వచ్చి కులం పెడతావా, ప్లాస్టిక్‌ని బట్టి? ఎడ్ హెడ్రిక్ 2002లో పోయినప్పుడు, ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోశారు. చచ్చాక కూడా ఎవరో ఒకరి చేతిలోంచి ఎగరాలనుకున్నాడు ఆ మహానుభావుడు. నువ్వేమో బతికున్న చేతులకు అందకుండా, కవరు విప్పని డిస్కులు క్లోజెట్‌లో వరసగా పేర్చుకుని, పిల్లాడి చేతిలో ఉన్న ఒక్కదాన్ని చూసి నవ్వుతావు. ఆ సంచిలోంచి ఒక పట్టర్ తీసి వాడి చేతిలో పెట్టడానికి ఎంతసేపు పట్టేది?

సరే. కోపం పక్కన పెట్టి పరిష్కారానికొస్తాను. డిస్కులకు ప్రమాణాలు విధించే సంస్థ ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్ (పీడీజీఏ) ఉంది. బరువు 200 గ్రాములు దాటకూడదు, అంచు వెడల్పు 2.6 సెంటీమీటర్లు మించకూడదు అని డిస్కుకు సవాలక్ష నిబంధనలు పెట్టింది. కొనేవాడికి మాత్రం ఒక్కటీ లేదు. కాబట్టి నా మనవి: ఖాళీ మైదానంలో, గాలి లేనప్పుడు, మూడుసార్లు వరసగా మూడు వందల అడుగులు విసిరి చూపించనివాడికి స్పీడ్ 6 దాటిన డిస్కు అమ్మకూడదు. విసరలేనివాడికి 6 వరకే అనుమతి.

ఈ చిత్తుప్రతి మా బావమరిదికి చదివి వినిపించాను. శ్రద్ధగానే విన్నాడు. కాసేపు లెక్క చూసుకుని అడిగాడు:

"ఆరు స్పీడువి రెండు కొంటే పన్నెండే కదా బావా?"