ఎడమ చేతి తరఫున లవంగం గారికి

మహారాజశ్రీ లవంగం గారికి, బందరు నుంచి నమస్కరించి రాసేది. ఉభయకుశలోపరి.

కుశలం అన్నది మర్యాదకే. మూడు రోజులుగా నా దవడ పన్ను ప్రాణం తీస్తోంది. మా అమ్మ పోపులపెట్టెలోంచి మిమ్మల్ని ఒకరిని తీసి, "పంటి కింద పెట్టుకుని కాసేపు నోరు మూసుకో" అంది. నోరు మూసుకున్నవాడికి చదువుకోవడం తప్ప పనేముంది? మీ చరిత్ర చదివాను. మేకుకు టోపీ పెట్టినట్టు ఉంటారు, మీ వెనక ఇన్ని కేసులా!

మీరు పువ్వు కూడా కాదు, విచ్చుకోని మొగ్గ. గులాబి రంగు తిరగ్గానే, పూయకముందే చేత్తో కోసి ఎండలో పోస్తారు. ఒకప్పుడు భూమ్మీద మీకు ఐదే ఐదు ఊళ్లు: టెర్నాటే, టిడోరే, మోటీ, మాకియాన్, బచాన్. ఇప్పటి ఇండోనేషియాకు తూర్పున, సముద్రంలో అగ్నిపర్వతాల చుట్టూ ఉన్న చిన్న చిన్న దీవులు. అంత మూల ఉండి కూడా చైనాలో హాన్ చక్రవర్తుల కొలువు దాకా పాకారు. రాజుతో మాట్లాడే అధికారి మిమ్మల్ని బుగ్గన పెట్టుకోవాలట, నోటి వాసన ఆయనకు తగలకుండా. ఈ రూలు మన ఆఫీసుల్లో తిరగేసి పెడితే బాగుండు. అర్జీ పట్టుకొచ్చినవాడి బదులు సీట్లో కూర్చున్నాయన నమలాలి.

కాళిదాసుకూ మీరు తెలుసు. రఘువంశంలో, ఇందుమతి స్వయంవరంలో కళింగరాజును చూపించి, ఈయన్ని చేసుకుంటే ద్వీపాంతరాల నుంచి లవంగపూలు మోసుకొచ్చే గాలి నీ చెమట ఆరుస్తుంది అని ఊరిస్తారు. ఇందుమతి ఆయన్ని కాదని ముందుకు నడిచింది. మీరు గాలికి ఊరికే కొట్టుకొచ్చింది కవిత్వంలోనే అని ఆ పిల్లకి తెలిసే ఉంటుంది.

1512లో పోర్చుగీసువాళ్లు టెర్నాటే చేరారు, కోట కట్టారు. 1570లో సుల్తాన్ హైరున్‌ను ఆ కోటలోకి పిలిచి పొడిచి చంపారు. కొడుకు బాబుల్లా ఐదేళ్లు ముట్టడి వేసి వాళ్లను సాగనంపాడు. ఈలోగా స్పెయిన్ వాళ్లు మీకోసం భూమికి అటువైపు నుంచి చుట్టి వచ్చారు. 1519లో మాగెల్లాన్ వెంట 5 ఓడలు, 200 పైచిలుకు మనుషులు బయల్దేరితే, 1522లో ఇల్లు చేరింది ఒక ఓడ, 18 మంది. మాగెల్లాన్ దారిలోనే పోయాడు. అయినా ఆ ఒక్క ఓడలో మీరున్నారు కాబట్టి లెక్క సరిపోయిందన్నారు. ఓడను నడిపించుకొచ్చిన ఎల్కానోకు రాజుగారు ఒక చిహ్నం ఇచ్చారు. అందులో 2 దాల్చినచెక్కలు, 3 జాజికాయలు, 12 లవంగాలు. మా అమ్మ బిర్యానీకి తీసే లెక్క దాదాపు ఇదే, జాజికాయలు కొంచెం ఎక్కువయ్యాయి.

ఇక అసలు కేసుకొస్తాను. డచ్చి ఈస్టిండియా కంపెనీ 1605లో, అప్పటికి మీరు పాకిన అంబన్ దీవిలో, కోట పట్టుకుంది. ఆ ఏడాదే మా బందరులోనూ దిగింది. ఇది కాకతాళీయం అనుకునేరు. మీ దీవులవాళ్లకు యూరప్ సరుకు అక్కర్లేదు. వాళ్లకు కావలసింది బియ్యం, బట్ట. అదీ మా కోస్తా బట్ట: చిరువేరు అనే మొక్క వేరు ఎరుపు అద్దింది, ఎన్ని ఉతుకులు ఉతికినా వెలవనిది. కంపెనీ ఇక్కడ బట్ట కొని, అక్కడ ఇచ్చి, మిమ్మల్ని ఎత్తుకెళ్లేది. 1612లో హెండ్రిక్ బ్రౌవర్ అనే డచ్చి పెద్దమనిషి, తర్వాత గవర్నర్ జనరల్ అయినవాడు, సూటిగా రాశాడు: కోరమాండల్ తీరం, అంటే మా తీరం, మలుకు దీవులకు, అంటే మీ దీవులకు, ఎడమ చెయ్యి, దాని బట్టలు లేకపోతే అక్కడ వ్యాపారం చచ్చినట్టే.

ఎడమ చెయ్యి! బందరులో కొన్నాళ్లు ఉంటే ఆ మాట వాడేవాడు కాదేమో. మా దగ్గర ఎడమ చేత్తో ఏ పని చేస్తామో, ఏ పని చెయ్యమో అందరికీ తెలుసు. ఎడమ చేత్తో డబ్బిస్తే కొట్టువాడు పుచ్చుకోడు. ఒక్క సంగతిలో మాత్రం ఆయన పోలిక అతికినట్టు సరిపోయింది. తిన్నది కుడి చెయ్యి. కడిగింది మేం. మాకు మిగిలింది వలందపాలెం అనే పేరు. వలందులంటే హాలెండువాళ్లని ఇవాళ ఆ ఆటోస్టాండులో ఎవర్ని అడిగినా చెప్పరు.

ఇంతకీ కుడి చెయ్యి, అంటే కంపెనీ, ఏం చేసింది? ధర నిలబడాలంటే సరుకు నాలుగుచోట్ల దొరక్కూడదు. కాబట్టి అంబన్‌లోనూ దాన్ని ఆనుకున్న దీవుల్లోనూ తప్ప మీరు ఇంకెక్కడా మొలవకూడదని తీర్మానం చేసింది. 1652లో టెర్నాటే సుల్తానుతో ఒప్పందం రాసుకుంది: నీ రాజ్యంలో లవంగం చెట్లు కొట్టించు, ఏటా ఇంత ముట్టజెబుతాం. పండించనందుకు జీతం! దానికి తోడు హొంగీ అనే పడవల దండయాత్రలు. బారెడు పడవల్లో అంబన్ ఊళ్లవాళ్లే కూలి లేకుండా తెడ్లు వెయ్యాలి, పక్క దీవికి పోయి అక్కడివాళ్ల చెట్లు నరికి రావాలి. ఆ దీవుల్లో బిడ్డ పుడితే ఒక లవంగం మొక్క నాటడం ఆనవాయితీ. చెట్టు పచ్చగా ఉంటే బిడ్డ చల్లగా ఉన్నట్టు. గొడ్డలి పట్టుకొచ్చినవాడి పుస్తకంలో మాత్రం అది అదనపు స్టాకు.

అయినా నిల్వలు పేరుకుపోయాయి. 1760లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సుగంధద్రవ్యాలు కుప్పపోసి తగలబెట్టారు. ధర లేక టమాటాలు రోడ్డు మీద పారబోసే మా రైతును చూసి, మార్కెట్ తెలియనివాడు అంటారు. వాళ్లు చేస్తే పాలసీ.

మిమ్మల్ని ఆ చెర నుంచి తప్పించినవాడి ఇంటిపేరు మిరియం. ఒట్టు. ఫ్రెంచివాళ్ల పియెర్ పువావ్ర్, పువావ్ర్ అంటే మిరియమే. ఇంగ్లీషువాళ్ల ఫిరంగిగుండుకు కుడి చెయ్యి పోయింది. మిగిలిన ఎడమ చెయ్యి ఊపి, 1770లో మనుషుల్ని పంపి, మీ మొక్కల్ని మారిషస్‌కు దొంగతనంగా తెప్పించాడు. ఎడమ చేతులవాళ్లం ఆయన మీద ఒక కన్నేసి ఉంచాం, అభిమానంతో. కానీ విడుదలై మీరు చేసిందేమిటి? ఆఫ్రికా తూర్పు తీరం దగ్గరి జాంజిబార్ దీవిలో ఒమన్ సుల్తాను తోటలు వేయించాడు. కోతకు ఆఫ్రికా నుంచి బానిసల్ని తెచ్చారు. యజమాని మారాడు, మీ వాసన మారలేదు.

ఆ తర్వాత ఇండోనేషియాలో క్రెటెక్ సిగరెట్లొచ్చాయి, చిటపటలాడుతూ కాలేవి. వాటిలో కూరడానికి మీరు చాలక, జాంజిబార్ నుంచి దిగుమతి చేసుకున్నారు. పుట్టింటికి చుట్టంచూపుగా వెళ్లింది మీరొక్కరే అనుకుంటాను. 1990ల మొదట్లో అక్కడి అధ్యక్షుడు సుహార్తో గారి అబ్బాయి మీ కొనుగోళ్లన్నీ తన గుప్పిట్లో పెట్టుకున్నాడు. గిట్టక రైతులు కొందరు కోయడమే మానేశారు. ఆయన డచ్చివాడు కాదు, పడవల దండూ అక్కర్లేకపోయింది. నాన్నగారుంటే చాలు. 1998లో ఐఎంఎఫ్ అప్పు షరతులతో ఆ దుకాణం మూతపడింది.

అమ్మ పెట్టమన్న లవంగంతో నా నొప్పి తగ్గలేదు, అందుకే ఈ ఉత్తరం ఇంత పొడుగైంది. అనుమానమొచ్చి పది రూపాయల పొట్లం విప్పి, మిమ్మల్ని గ్లాసు నీళ్లలో వేశాను. మంచి లవంగమైతే మునగాలి, లేదా నిటారుగా నిలబడి తేలాలి. నూనె ముందే పిండేసినదైతే అడ్డంగా పడుకుంటుంది. పదకొండు మందిలో ఏడుగురు పడుకున్నారు. కొట్టువాడిని అడిగితే, "మాకు ఇలాగే వస్తాయి సార్, కుడి చేత్తో పుచ్చుకుని కుడి చేత్తో ఇస్తున్నాం" అన్నాడు.

నిలబడ్డ నలుగురిలో ఒకరిని ఇప్పుడే పంటి కింద పెట్టుకున్నాను. మిగతా ముగ్గురిని అమ్మ ఆదివారం పలావుకని దాచేసింది. చిత్తగించవలెను.

ఇట్లు,
తమ ఎడమ చెయ్యి