పెన్సిల్వేనియాలో మన ఓటు

ఎన్నికలు లేకపోతే మా ఊరికి తోచదు. 2024లో మే 13న మన పోలింగ్, జూన్ 4న లెక్కింపు అయిపోయాక ఊరు చిన్నబోయింది. టీ కొట్టు దగ్గర మాట్లాడుకోడానికి ఏమీ లేక జనం ఎండ గురించీ వాన గురించీ మాట్లాడుకునే స్థితికొచ్చేశారు. దసరా అయి దీపావళి వస్తోందనగా మా అత్తయ్య కాలవ రేవులో ఓ మాటంది.

"మా బుజ్జిగాడికి అమెరికాలో ఓటొచ్చిందంట. ఎవరికెయ్యాలో ఇంకా అనుకోలేదంట."

సాయంత్రానికి ఆ కబురు టీ కొట్టుకు చేరింది. బుజ్జి ఉండేది ఫిలడెల్ఫియా దగ్గర. అదేమంత విశేషమో ఎవరికీ తెలిసేది కాదు, సోషల్ చెప్పి రిటైరైన మాస్టారు అక్కడ లేకపోతే.

"అది పెన్సిల్వేనియా అండి. ఎటు ఒరుగుతాయో తెలియని ఏడు రాష్ట్రాల్లో పెద్దది. ప్రెసిడెంటుని తేల్చేది రాష్ట్రాలవారీగా ఉండే ఎలక్టోరల్ ఓట్లు. అవి మొత్తం 538, గెలవాలంటే 270. ఒక్క పెన్సిల్వేనియాకే 19. అక్కడ ఎవరికి ఒక్క ఓటు ఎక్కువొచ్చినా పంతొమ్మిదికి పంతొమ్మిదీ వాళ్ళవే. అందుకే 2016లో హిల్లరీకి దేశం మొత్తం మీద 28 లక్షల పైచిలుకు ఓట్లు ఎక్కువొచ్చినా ఓడిపోయింది."

"ఓట్లెక్కువొచ్చినావిడ ఓడిపోడవేంటండీ! రీకౌంటింగ్ అడగలేదా?"

"2000లో ఫ్లోరిడాలో అదీ అయిందండి. చివరికి 537 ఓట్ల తేడాతో బుష్ ప్రెసిడెంటైపోయాడు."

కొట్టులో ఎవరూ మాట్లాడలేదు. అందరూ మనసులో లెక్కలేసుకుంటున్నారు. 537 అంటే మా పెదవీధీ చెరువుగట్టూ కలిస్తే సరిపోతుంది. అంటే అమెరికా ప్రెసిడెంటుని మా పెదవీధీ చెరువుగట్టూ నిలబెట్టగలవు! ఇంక ఊరిని ఆపడం ఎవరి తరమూ కాలేదు.

రొయ్యల చెరువులున్న మా బాబాయ్ ట్రంప్ వైపు తిరిగాడు. కారణం వడ్లూరు. ఉపాధ్యక్షుడిగా నిలబడ్డ వాన్స్ గారి భార్య ఉషగారి పూర్వీకులది మన తణుకు వైపు వడ్లూరు కనక అటే వెయ్యాలన్నాడు. కొబ్బరికాయల వ్యాపారం చేసే మా మావయ్య, ట్రంప్ మీద నిలబడ్డ కమలా హారిస్ వైపు. పైకి చెప్పే కారణం, ఆవిడ తాతగారిది తమిళనాడులో తులసేంద్రపురం, పేరు చూస్తే మన పేరే. అసలు కారణం, బాబాయ్ అటున్నాడు. బాబాయ్ అత్తయ్యకి తమ్ముడు, మావయ్య ఆవిడకి మరిది. నాకు బాబాయ్ అయినవాడు బుజ్జికి మావయ్య, నాకు మావయ్య అయినవాడు వాడికి బాబాయ్. కాబట్టి ఫోన్ ఎవరు చేసినా వాడు ఎత్తక తప్పదు.

"ఆయన దిగుమతుల మీద సుంకాలేస్తానంటున్నాడు. మన రొయ్య ఎక్కువగా పోయేది అమెరికాకే కదండీ" అని మాస్టారు బాబాయ్‌కి మెల్లిగా గుర్తు చేశారు.

"మన ఉషమ్మ అక్కడుండగా మన రొయ్య మీద ఎందుకేస్తారండీ!"

ఆ రోజుల్లోనే ట్రంప్ వైపున్న కుబేరుడు ఎలాన్ మస్క్ తన పిటిషన్ మీద సంతకం పెట్టినవాళ్ళలో రోజుకొకరికి పది లక్షల డాలర్లు ఇస్తున్నాడని వార్తలొచ్చాయి. ఊళ్ళో అనుభవజ్ఞులు పెదవి విరిచారు. అంత డబ్బు ఒక్కడి చేతిలో పెడితే మిగతావాళ్ళంతా శత్రువులవరా? ఇంటికింతని పంచాలి, అదీ ముందురోజు రాత్రి పంచాలి. పాపం, పంపకం తెలియని దేశం.

ప్రచారం అత్తయ్య అరుగు మీద నడిచేది. ఫోనుని పాలచెంబుకి ఆనించి, వెనకాల నలుగురైదుగురు ఒకరి భుజం మీంచి ఒకరు తొంగి చూసేవారు. ఛార్జర్ తీగ చేరదని వైరు లాగి పట్టుకునే డ్యూటీ నాది. మొదట "భోంచేశావా అబ్బాయ్", తరవాత "చిక్కిపోయావేంటి", ఆ తరవాత దేశభవిష్యత్తు. బుజ్జి మెతకవాడు. ఓ రోజు ధైర్యం చేసి చెప్పాడు.

"అది కాదు బాబాయ్, పిల్లదాని డేకేర్ ఫీజు ఇంటి అద్దెంత అవుతోంది. లోను వడ్డీ చూస్తే ఇల్లు కొనేలా లేం. వీటికి ఎవరు ఏం చేస్తారో చూసి..."

"అవన్నీ తరవాత! ముందు ప్రజాస్వామ్యం సంగతి చూడు" అన్నాడు మావయ్య.

మర్నాడు బాబాయ్ దగ్గరా అదే మొదలెట్టాడు. "అవన్నీ తరవాత! ముందు సరిహద్దు సంగతి చూడు" అన్నాడు బాబాయ్. ఎటూ తేల్చుకోనివాడి మనసు మార్చడానికి వచ్చినవాళ్ళలో వాడి మనసులో ఏముందో వినే ఓపిక మాత్రం ఎవరికీ లేదు. మాట్లాడినంతసేపూ బుజ్జి వైపు కాదు, వెనకున్న తమవాళ్ళ వైపు చూసేవారు, తలలు ఊగుతున్నాయా లేదా అని.

ఆఖరి విడత నవంబరు 4, సోమవారం పొద్దున్న. రెండు జట్లూ ఎదురుపడకుండా బుజ్జి జాగ్రత్తగా వేళలు ఇచ్చాడు. మావయ్యతో "మా ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి చేస్తా" అన్నాడు. అంటే మనకి ఏడు. బాబాయ్‌తో "మీ పొద్దున్న ఎనిమిదికి" అన్నాడు. మధ్యలో గంట. బ్రహ్మాండమైన ఏర్పాటు. కాకపోతే సరిగ్గా ఆ ఆదివారం తెల్లవారుజామున అమెరికావాళ్ళు గడియారాలు గంట వెనక్కి తిప్పుకున్నారు. వాళ్ళ తొమ్మిదిన్నర మన ఎనిమిదికి జరిగింది.

మావయ్య బృందం ఆరూ యాభైకే దిగింది. ఏడైంది, ఫోను మోగలేదు. ఏడుంపావుకి అత్తయ్య ఉప్మా పెట్టింది. ఏడున్నరకి కాఫీ. ఎనిమిదికి అయిదు నిమిషాలుందనగా బాబాయ్ బృందం గేటు తీసుకుని లోపలికొచ్చి, ఖాళీ ప్లేట్ల కేసి చూసింది.

"మా టైములో వీళ్ళేంటక్కా?"

"మీ టైమేంటి, ఇది మా టైము! ఏడునించీ కూర్చున్నాం."

"ఏడుకొచ్చి ఎనిమిదిదాకా కూర్చోమని ఎవరన్నారండీ?"

అప్పుడు మోగింది ఫోను. తెర మీద బుజ్జి, పక్కన వాళ్ళావిడ. నేను వైరు లాగి పట్టుకున్నాను. రెండు జట్లూ ఒక్కసారే చెంబు మీదకి వంగాయి. వడ్లూరు, తులసేంద్రపురం, సుంకాలు, సరిహద్దు అన్నీ కలిపి రెండు నిమిషాలు నడిచాయి. మూడో నిమిషంలో మావయ్య "నీ చెరువుల ఉప్పునీళ్ళు బోదెలోకి వదిలితే మా తోట ఏమైపోవాలి?" అన్నాడు. బాబాయ్ "మీ కొబ్బరి చెట్టు మా రేకుల షెడ్డు మీదకి ఒరిగి నాలుగేళ్ళైంది, కొట్టించారా?" అన్నాడు. అక్కణ్ణించి గుడి కమిటీ లెక్కలకి వెళ్ళారు. చెంబు పడింది. పాలన్నీ ఫోను మీదుగా అరుగంతా పారాయి. నేను వైరు వదిలేసి ఫోను ఎత్తి తుడిచేసరికి తెర మీద బుజ్జి దంపతులు కళ్ళార్పకుండా చూస్తున్నారు. వాళ్ళావిడ ముఖంలో సినిమా చూస్తున్న ఆనందం.

"అత్తయ్యగారూ, మీరేం తిన్నారు?" అనడిగింది.

అన్నాళ్ళ ప్రచారంలో అత్తయ్యని ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదలు.

మంగళవారం అక్కడ పోలింగ్, ఇక్కడ నాగులచవితి. అత్తయ్య పుట్టలో పాలు పోసి, చలిమిడీ చిమ్మిలీ నైవేద్యం పెట్టి వచ్చి కూర్చుంది. రాత్రి బుజ్జి ఫోన్ చేసి ఓటేసొచ్చానన్నాడు. ఎవరికో తల్లికి ఒక్కదానికే చెప్పాడు.

బుధవారం మధ్యాహ్నానికి పెన్సిల్వేనియా ట్రంప్ ఖాతాలో పడింది. తేడా లక్షా ఇరవై వేలు. "చూశారా, మావాడి ఓటు!" అని బాబాయ్ స్వీట్లు పంచాడు. "మావాడి ఓటు మాకు పడబట్టే ఆ మాత్రం తగ్గింది, లేకపోతే లక్షా ఇరవై వేల ఒకటి" అన్నాడు మావయ్య. ఇద్దరూ అత్తయ్య దగ్గరికే వెళ్ళారు నిజం తేల్చుకోడానికి. ఆవిడ నోరు విప్పలేదు. దాంతో అటునించి కొబ్బరికాయల బస్తాలు, ఇటునించి రొయ్యలు రావడం మొదలయ్యాయి. ఆవిడా ఏదీ వద్దనలేదు.

2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కింది. రొయ్య రేటు జారిపోయింది. ఓ మధ్యాహ్నం బాబాయ్ దిగాలుగా వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అక్కా, ఇంతకీ మనోడు ఆయనకి వేసుండడులే. కదా?"

అత్తయ్య సంచీ వైపు చూసింది.

"ఈసారి కిలోయే తెచ్చావేంట్రా?"