సర్వర్ పలకడం లేదు, ప్రయత్నిస్తూనే ఉన్నాం

1980లలో బాగా చదువుకున్న కొందరు ఒక వృథా ప్రయాసకు దిగారు. నెట్‌వర్క్‌తో కలిపిన పదుల కొద్దీ వర్క్‌స్టేషన్లు, వాడేవాడికి ఒకే కంప్యూటర్‌లా కనపడాలట. అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో జాన్ ఔస్టర్‌హౌట్ బృందం 1984లో స్ప్రైట్ అనే ఆపరేటింగ్ సిస్టం మొదలుపెట్టింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రొఫెసర్ టానెన్‌బామ్ అమీబా అని అట్లాంటిదే ఒకటి కట్టాడు. బెల్ ల్యాబ్స్ వాళ్లు తాము పుట్టించిన యూనిక్స్‌తో ఊరుకోలేక ప్లాన్ 9 రాశారు. ఇంతమంది ఇన్నేళ్లు తిప్పలు పడ్డా పూర్తిగా అందని ఫలితాన్ని మన వరంగల్, హన్మకొండ, కరీంనగర్ దిక్కు కాలేజీ ల్యాబులు ఒక్క పేపరూ అచ్చేయకుండా సాధించాయి. సర్వర్ ఒక్కటి ఆగితే చాలు, అరవై సిస్టంలూ ఒక్కటైపోతాయి.

1987లో లెస్లీ లాంపోర్ట్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక ఈమెయిల్‌లో ఇట్లాంటి ఏర్పాటుకు నిర్వచనం రాసిపెట్టాడు: ఉన్నదన్న సంగతే మీకు తెలియని కంప్యూటర్ ఏదో చెడిపోయి మీ కంప్యూటర్ పనికిరాకుండా పోతే, అది డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్ అని. ఈ నిర్వచనం మన దగ్గర చెల్లదు. ఆ కంప్యూటర్ ఎక్కడున్నదో ఇక్కడ ఫస్టియర్ పిల్లలకూ ఎరుకే. ల్యాబ్ ఇన్‌ఛార్జ్ సారు గదిలో, బీరువా పక్కన, పాత రికార్డు పుస్తకాల కట్టల నడుమ.

ఈ ఘనతలో పెద్ద వాటా ఎన్‌ఎఫ్‌ఎస్‌ది, అంటే సర్వర్‌లోని ఫైళ్లను ప్రతి సిస్టంలో సొంత ఫైళ్లలా చూపే పద్ధతిది. 'నెట్‌వర్కే కంప్యూటర్' అని నినాదం ఎత్తుకున్న సన్ కంపెనీ పుట్టించిన ఏర్పాటు. పిల్లల ఫైళ్లుండే హోమ్ డైరెక్టరీలు సర్వర్ మీద ఉంటాయి, ప్రతి సిస్టం వాటిని మౌంట్ చేసుకుంటుంది, అంటే సొంత ఫోల్డర్లలా తగిలించుకుంటుంది. హార్డ్ మౌంట్ అయితే సర్వర్ పలికేదాకా అడుగుతూనే ఉంటుంది, తెల్లారినా సరే. పాత కెర్నెల్‌లలో (ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ అది) అట్లా ఇరుక్కున్న ప్రోగ్రాంను, బలవంతంగా చంపే కిల్ మైనస్ 9 కమాండ్ కొట్టినా చావదు. లినక్స్ 2.6.25 నుంచి ఆ ఒక్క సిగ్నల్‌కు మాత్రం లొంగుతోంది. సాఫ్ట్ మౌంట్ అయితే కొన్నిసార్లు అడిగి, విసుగొచ్చి, చదవడం రాయడం కుదరలేదనే ఐ-ఓ ఎర్రర్ అని ప్రోగ్రాం మొహాన కొడుతుంది. రాత ఫెయిలైందా అని చూసుకునే మర్యాద ఎన్ని ప్రోగ్రాములకు ఉంది? సగం రాసిన ఫైలును మూసేసి, సేవ్ అయిందని చెప్పి వెళ్లిపోతాయి. అందుకే తెలిసినవాళ్లు రాసే చోట హార్డ్ పెడతారు, చదవడానికి మాత్రమే ఉన్న డైరెక్టరీలకు కావాలంటే సాఫ్ట్ పెడతారు.

మన పద్ధతి ఇంకా ముందుంది. 'సార్, హ్యాంగ్ అయితాంది' అని ఇద్దరు ముగ్గురు పిల్లలు మొత్తుకోగానే అన్నింటినీ సాఫ్ట్ చేస్తారు, పైగా జవాబు కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే టైమియోను 30 అని పెడతారు. ముప్పై సెకన్లు ఆగుతుందని నమ్మకం. ఆ అంకె సెకనులో పదోవంతుల లెక్క. 30 అంటే 3 సెకన్లే. టీసీపీ అనే రవాణా పద్ధతి మీద డీఫాల్ట్ 600, అంటే ఒక నిమిషం. ఫలితం అమోఘం. హ్యాంగ్ ఫిర్యాదులు ఆగిపోతాయి, ఎక్స్‌టర్నల్ వైవా నాడు ఫైళ్లు ఖాళీగా తెరుచుకుంటాయి. హ్యాంగ్ అయితే తప్పు ల్యాబ్‌ది, ఫైలు ఖాళీ అయితే తప్పు పిల్లగాడిది. బాధ్యతను ఒక్క పదం మార్చి ఇటు నుంచి అటు తోసేసిన డిజైన్ బర్క్‌లీ వాళ్లకు తట్టనే లేదు.

ఇక బూటింగ్. హార్డ్ డిస్కులు చెడిపోయిన సిస్టంలను పారేయకుండా నెట్‌వర్క్ నుంచి బూట్ చేయడం మంచి ఆలోచనే. సిస్టం లేచి నెట్‌వర్క్ అడ్రసులు పంచే డీహెచ్‌సీపీని అడ్రసు అడుగుతుంది, తర్వాత ఫైళ్లు పంపే టీఎఫ్‌టీపీతో కెర్నెల్, బూటింగ్ మొదట్లో కావాల్సిన ఇనిట్‌ఆర్‌డీ ఫైలు తెచ్చుకుంటుంది. టీఎఫ్‌టీపీ మామూలుగా 512 బైట్ల ముక్క ఒకటి పంపి, అందిందన్న జవాబు వచ్చేదాకా రెండోది పంపదు. 60 ఎంబీ ఇనిట్‌ఆర్‌డీకి లక్షా ఇరవై వేలకు పైగా ముక్కలు. ముక్క నంబరుకు ఉన్నది 16 బిట్లే కాబట్టి 32 ఎంబీ దాటగానే కొన్ని నెట్‌వర్క్ కార్డులు లెక్క తప్పి అక్కడే కూలబడతాయి. ముక్క సైజు 1468 బైట్లు చేస్తే కాస్త నయం. ఐపీఎక్స్‌ఈ అనే బూట్ ప్రోగ్రాం పెట్టి, వెబ్‌సైట్లు వాడే హెచ్‌టీటీపీతో తెప్పిస్తే ఈ గొడవే ఉండదు. కానీ మన టైంటేబుల్ ప్రకారం మెయిన్ స్విచ్ ఒకటే, తొమ్మిదిన్నరకు అది పైకి లేస్తుంది, అరవై సిస్టంలు ఒకేసారి బయల్దేరతాయి. మేడారం జాతర నాడు తాడ్వాయి రోడ్డు ఎట్లుంటదో సర్వర్ కేబుల్ అట్లుంటది. అరవై సిస్టంలకు 60 ఎంబీ చొప్పున 3600 ఎంబీ. గిగాబిట్ లైను నిండా పారినా అర నిమిషం దగ్గర పడుతుంది. అదే 100 మెగాబిట్ అయితే దాదాపు ఐదు నిమిషాలు, అదీ ఒక్క ముక్కా పోకుంటే. సిస్టంలను కలిపే గిగాబిట్ నెట్‌వర్క్ స్విచ్ కొన్నాం కదా అంటారు. గిగాబిట్‌కు కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ బాగుండాలి. ఎలుక ఒక జత కొరికితే చాలా కార్డులు చప్పుడు చేయకుండా 100 మెగాబిట్‌కు దిగిపోతాయి, లైటు మాత్రం పచ్చగానే వెలుగుతుంది. తనిఖీకి వచ్చినవాళ్లు చూసేది ఆ లైటునే. స్పీడు ఎంతో ఎథ్‌టూల్ కమాండ్ కొట్టి చూడండని ఎవరూ అడగరు.

క్యాషింగ్ (సర్వర్‌లోని ఫైలు నకలును సిస్టం దగ్గర పెట్టుకోవడం) విషయంలో స్ప్రైట్ వాళ్ల చాదస్తం అంతా ఇంతా కాదు. ఏ ఫైలు ఎవరు తెరిచారో సర్వర్ గుర్తుపెట్టుకునేది. ఇద్దరు ఒకే ఫైలు తెరిచి అందులో ఒకడు రాస్తుంటే, ఇద్దరికీ ఆ ఫైలు క్యాష్ ఆపేసి చదువూ రాతా నేరుగా సర్వర్‌తోనే చేయించేది. ఎవరు చదివినా తాజా మాటే. దానికి కట్టిన ధర ఏమిటంటే, సర్వర్ చచ్చి లేస్తే దానికి ఏదీ గుర్తుండదు, దాన్ని వాడుకునే సిస్టంలు, అంటే క్లయింట్లన్నీ ఒక్కసారిగా మీదపడి 'నేను ఫలానా ఫైలు తెరిచాను' అని అప్పజెప్పేవి. ఆ తాకిడికి అది మళ్లీ ఉక్కిరిబిక్కిరి. పాత ఎన్‌ఎఫ్‌ఎస్ ఈ బాధ పడలేదు. దానికి గుర్తుంచుకునే అలవాటే లేదు. క్లయింటు ఫైలు వివరాలను 3 నుంచి 60 సెకన్ల దాకా, డైరెక్టరీ వివరాలను 30 నుంచి 60 సెకన్ల దాకా దగ్గర పెట్టుకొని అవే నిజమనుకుంటుంది. అందుకే పక్క సీటు వాడు 'కాపీ చేసిన, చూడు' అంటే వీడు 'ఏడరా, లేదు' అంటాడు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. ఒక నిమిషం కొట్లాడుకుంటే ఫైలు కనపడుతుంది. ఇది తట్టుకోలేక, వివరాలు దగ్గర పెట్టుకోవద్దనే నోఏసీ పెట్టారనుకోండి, ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ ఒక్కసారి కొట్టినా ప్రతి ఫైలు గురించీ సర్వర్‌ను అడగడమే. నా మట్టుకు ఆ నిమిషం కొట్లాటే మేలు.

స్ప్రైట్‌లో ఇంకో ముచ్చట ఉంది. కీబోర్డు, మౌస్ 30 సెకన్లు కదలకపోయి, లోడు తక్కువుంటే ఆ వర్క్‌స్టేషన్ ఖాళీ అని లెక్క. వేరేవాళ్ల కంపైల్ పనులు దాని మీదికి వలసపోతాయి. యజమాని వచ్చి కీ నొక్కగానే ఆ పనులు సొంతింటికి తిరిగిపోతాయి. ఇంత మర్యాద మన దగ్గర అక్కరలేదు. మూడో వరుసలో స్పేస్‌బార్, ఎంటర్ రెండూ పోయిన సిస్టం ఒకటి ప్రతి ల్యాబులో ఉంటుంది. దాని దగ్గరికి ఎవరూ పోరు. శాశ్వతంగా ఖాళీ. ఔస్టర్‌హౌట్ ఆశించిన ఆదర్శ వర్క్‌స్టేషన్ అదే.

భద్రత సంగతి ఇంతకన్నా నిశ్చింత. మామూలు ఎన్‌ఎఫ్‌ఎస్ మనిషిని చూడదు, యూజర్‌కు ఇచ్చిన యూఐడీ నంబరు చూస్తుంది. ల్యాబ్ సిస్టం కేబుల్ పీకి సొంత ల్యాప్‌టాప్‌కు గుచ్చి, అదే ఐపీ పెట్టి, 1042 నంబరుతో యూజర్‌ను తయారుచేస్తే, సర్వర్ దృష్టిలో వాడే 1042. రూట్ (అడ్మిన్) అధికారాన్ని కత్తిరించే రూట్ స్క్వాష్ ఉంది కదా అంటారు. అది రూట్‌దైన సున్నా నంబరును ఆపుతుంది, 1042ను కాదు. దీనికి మందు, వచ్చినవాడు ఎవరో రుజువు అడిగే కెర్బెరాస్. దానికి సర్వర్, సిస్టంల గడియారాలు 5 నిమిషాలకు మించి తేడా ఉండకూడదు. ఎండాకాలం సెలవుల్లో ప్లగ్గులన్నీ పీకేస్తారు, మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపే సీఆర్ 2032 బ్యాటరీ ఎప్పుడో చచ్చి ఉంటుంది, జూన్‌లో సిస్టంలు ఏ పాత సంవత్సరంలోనో కళ్లు తెరుస్తాయి. బయటి టైం సర్వర్‌ను అడుగుదామంటే దానికి వాడే యూడీపీ 123 పోర్టు ఫైర్‌వాల్ దగ్గర మూసి ఉంటుంది. ల్యాబ్ సర్వర్ మీదనే టైం చెప్పే క్రోనీ ప్రోగ్రాం పెట్టి, మొదట ఒక్క దూకుతో టైం సరిచేసుకొమ్మని క్లయింట్లకు చెప్తే సరిపోయే పని. దానికి బదులు కెర్బెరాస్‌నే తీసేయడం రివాజు.

పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టినా లాగిన్ స్క్రీన్ మళ్లీ లాగిన్ స్క్రీన్‌కే వస్తుంటే వైరస్ అంటారు. చాలాసార్లు అది కోటా, అంటే ఒక్కొక్కరికి కేటాయించిన డిస్క్ జాగా నిండిపోవడం. బ్రౌజర్ క్యాష్ హోమ్ డైరెక్టరీని నింపేస్తే, లాగిన్ అయ్యేటప్పుడు రాసుకోవాల్సిన చిన్న ఫైలుకు కూడా జాగా ఉండదు. క్యాష్‌ను లోకల్ డిస్క్ మీదికి మళ్లిస్తే సర్వర్‌కూ భారం తగ్గుతుంది. డిస్కే లేని సిస్టంలలో ర్యామ్ మీదికి, అది 8 జీబీ ఉంటేనే.

చివరగా కరెంటు. సర్వర్ యూపీఎస్ మీద ఉంటుంది, సిస్టంలూ యూపీఎస్ మీదనే. నెట్‌వర్క్ స్విచ్ మాత్రం కారిడార్ పెట్టెలో, నేరుగా లైను మీద. కరెంటు పోగానే అరవై సిస్టంలు, సర్వర్ బతికే ఉంటాయి, ఒకదానితో ఒకటి మాట్లాడలేవు. షట్‌డౌన్ కొడితే హోమ్ డైరెక్టరీని అన్‌మౌంట్ చేసే దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే ముందు సర్వర్‌ను అడగాలి. బ్యాటరీ అయిపోయేదాకా అడుగుతాయి. కరెంటు వచ్చాక స్విచ్, తర్వాత సర్వర్, అది ఫైళ్లు పంచడం (ఎక్స్‌పోర్ట్) మొదలుపెట్టాక సిస్టంలు, ఈ వరుసలో వేయాలి. ఆ స్విచ్‌ను యూపీఎస్ మీదికి మార్చడానికి పట్టేది ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు, పది మీటర్ల వైరు. దానికి ఇండెంట్ పెట్టాలి. ఇండెంట్ ఫారం సర్వర్‌లో ఉంది.